కొత్త కొలెస్టరాల్ మందులకు గిరాకీ ఎంత? లెక్క వేయడం నేర్చుకుందాం



నేడు మన ఇళ్లలో నడివయసు దాటిన వారిలో ఎవరో ఒకరు రాత్రి భోజనం తరువాత కొలెస్టరాల్ మాత్ర వేసుకుంటూనే ఉన్నారు. మరోవైపు దినపత్రికలలో 'కొలెస్టరాల్‌కు అద్భుతమైన కొత్త మందు', 'వేల కోట్ల వ్యాపారం' వంటి శీర్షికలు తరచుగా కనిపిస్తున్నాయి. వాటిని చదివి కొందరు ఆ కంపెనీ షేర్లు కొనాలనుకుంటారు. కొందరు పిల్లలను ఫార్మసీలోనో బయోటెక్నాలజీలోనో చేర్పించాలనుకుంటారు. మరికొందరు పాత మాత్ర మానేసి కొత్తదాని కోసం ఎదురుచూడాలనుకుంటారు. ఈ మూడు నిర్ణయాలూ డబ్బుతో, చదువుతో, ప్రాణంతో ముడిపడినవి. ఇంకా పరీక్షల దశలో ఉన్న మందు గురించి లెక్కలు కట్టడం 'ఆలు లేదు, చూలు లేదు, కొడుకు పేరు సోమలింగం' అన్నట్లు కాకూడదు. అందుకే అటువంటి వార్తను ఏ ప్రశ్నలతో పరిశీలించాలో ఈ పాఠంలో చూద్దాం. కన్నడ, తమిళ, ఒడియా, మరాఠీ మాధ్యమాలలో చదువుతున్న పిల్లలు దీనిని ఇంట్లో పెద్దలతో కలిసి చదివితే ఇద్దరికీ ఉపయోగం.

1. కొలెస్టరాల్ అంటే ఏమిటి?

కొలెస్టరాల్ విషం కాదు. అది మైనం వంటి ఒక కొవ్వు పదార్థం. శరీరంలోని ప్రతి కణపు పొరకూ, కొన్ని హార్మోన్ల తయారీకీ, పైత్యరసానికీ అది అవసరం. దానిలో ఎక్కువ భాగాన్ని మన శరీరమే, ముఖ్యంగా కాలేయం, తయారు చేసుకుంటుంది. కొవ్వు నీటిలో కరగదు కనుక రక్తంలో అది ప్రోటీన్లతో కూడిన చిన్న మూటలలో ప్రయాణిస్తుంది. వాటిలో ఎల్.డి.ఎల్. అనే మూటలు ఎక్కువైతే ధమనుల గోడలలో కొవ్వు పేరుకుని, ఏళ్ల తరబడి పూడిక పెరిగి, చివరకు గుండెపోటుకో పక్షవాతానికో దారి తీస్తుంది. హెచ్.డి.ఎల్. అనేవి మరో రకం మూటలు. వీటిని 'మంచి కొలెస్టరాల్' అనడం వాడుక. ట్రైగ్లిజరైడ్లు మరొక జాతి కొవ్వు.

కాలేయ కణాల మీద ఎల్.డి.ఎల్.ను పట్టి లోపలికి లాక్కునే గ్రాహకాలు ఉంటాయి. వీటిని అమెరికాలోని డల్లాస్ నగరంలో పనిచేసిన మైకేల్ బ్రౌన్, జోసెఫ్ గోల్డ్‌స్టీన్ అనే శాస్త్రవేత్తలు కనుగొన్నారు. అందుకు వారికి 1985లో నోబెల్ బహుమతి లభించింది. నేటి మందులలో చాలా వరకు ఏదో ఒక దారిన ఈ గ్రాహకాల సంఖ్యను పెంచేవేనని గుర్తుంచుకోండి.

2. మొదటి మందు పుట్టిన తీరు

జపానులో సాంక్యో అనే కంపెనీలో అకిరా ఎండో అనే శాస్త్రవేత్త ఉండేవారు. బూజులు తమ శత్రువులైన సూక్ష్మజీవులను అడ్డుకోవడానికి కొలెస్టరాల్ తయారీని ఆపే పదార్థం ఏదైనా ఉత్పత్తి చేస్తూ ఉండవచ్చునని ఆయన ఊహించారు. ఆయన బృందం దాదాపు 6,000 సూక్ష్మజీవులను పరీక్షించి, 1973లో పెన్సిలియం జాతి బూజు నుండి కాంపాక్టిన్ అనే పదార్థాన్ని వేరు చేసింది. కుక్కలపై జరిపిన ప్రయోగాలలో భద్రత గురించి అనుమానాలు రావడంతో 1980లో కంపెనీ దానిని నిలిపివేసింది. అమెరికాలోని మెర్క్ కంపెనీ మరో బూజు నుండి వేరు చేసిన లోవాస్టాటిన్‌కు 1987లో అనుమతి లభించింది. అదే మార్కెట్లోకి వచ్చిన మొట్టమొదటి స్టాటిన్.

అయినా వైద్యులలో అనుమానం పోలేదు. రక్త పరీక్షలో అంకె తగ్గుతుంది సరే, మనుషులు ఎక్కువ కాలం బ్రతుకుతారా అని అడిగేవారు. 1994లో స్కాండినేవియా దేశాలలో 4,444 మంది గుండె రోగులపై జరిపిన పరీక్ష దీనికి జవాబిచ్చింది. ఉత్తుత్తి మాత్ర వేసుకున్న వారిలో దాదాపు 11.5 శాతం మంది మరణించగా, సిమ్వాస్టాటిన్ వాడిన వారిలో 8.2 శాతం మంది మరణించారు. ఆ మందుల అసలు గిరాకీ ఆ తరువాతే పెరిగింది. 1997లో అమ్మకానికి వచ్చిన అటార్వాస్టాటిన్, 'లిపిటార్' పేరుతో, 2006 నాటికి ఏడాదికి దాదాపు 1,300 కోట్ల డాలర్ల అమ్మకాలకు చేరింది. దీనికోసమే ఫైజర్ కంపెనీ 2000లో వార్నర్-లాంబర్ట్ అనే కంపెనీని మొత్తంగా కొనేసింది.

ఆ విజయం చూసిన ప్రతి కంపెనీ 'తరువాతి లిపిటార్' కోసం వెదకసాగింది. ఆ వెదుకులాటలో గెలిచినవి కొన్ని, ఓడినవి ఎన్నో. వాటి నుండి మనం నేర్చుకోవలసిన ప్రశ్నలు నాలుగు.

3. మొదటి ప్రశ్న: అంకె మారిందా, జబ్బు తగ్గిందా?

హెచ్.డి.ఎల్. ఎక్కువ ఉన్న వారికి గుండెపోట్లు తక్కువ. ఇది నిజం. కాబట్టి మందుతో హెచ్.డి.ఎల్. పెంచితే గుండెపోట్లు తగ్గుతాయని చాలా మంది భావించారు. ఫైజర్ తయారు చేసిన టార్సెట్రాపిబ్ హెచ్.డి.ఎల్.ను 72 శాతం పెంచింది. దాదాపు 15,000 మందిపై పరీక్ష మొదలైంది. కంపెనీ ఖర్చు సుమారు 80 కోట్ల డాలర్లు. తీరా చూస్తే, మందు వాడిన వారిలోనే ఎక్కువ మంది మరణిస్తున్నట్లు తేలడంతో 2006 డిసెంబరు 2న పరీక్షను ఆపివేశారు. అంతకు రెండు రోజుల ముందే జరిగిన మదుపరుల సమావేశంలో కంపెనీ ఈ మందుపై గొప్ప ఆశలు వ్యక్తం చేసింది. ఆ తరువాతి వారం తొలిరోజున కంపెనీ షేరు విలువ పదో వంతుకు పైగా పడిపోయింది.

అదే జాతికి చెందిన రోష్ వారి డాల్సెట్రాపిబ్‌ను 2012లో, లిల్లీ వారి ఎవసెట్రాపిబ్‌ను 2015లో ఆపివేశారు. మెర్క్ వారి అనసెట్రాపిబ్ 30,000 మందికి పైగా పాల్గొన్న పరీక్షలో గుండె సంబంధ ఘటనలను 9 శాతం తగ్గించింది. అయినా ఆ లాభం చాలదని భావించి, 2017లో కంపెనీ అనుమతి కోసం దరఖాస్తే చేయలేదు. అంటే శాస్త్రం దృష్టిలో నెగ్గిన మందు కూడా విపణిలో నిలబడకపోవచ్చు.

మన పెద్దలు చెప్పే కోడి, కుంపటి కథ మీకు తెలుసు కదా. తన కోడి కూయకపోతే ఊరికి తెల్లవారదని, తన కుంపటి లేకపోతే ఊళ్లో పొయ్యి వెలగదని అవ్వ అనుకుంది. కోడి కూత, తెల్లవారడం కలిసి వస్తాయి గాని కూత వలన సూర్యుడు రాడు. హెచ్.డి.ఎల్. కూడా చాలా వరకు అవ్వ కోడి వంటిదేనని ఈ పరీక్షలు సూచించాయి. ఎల్.డి.ఎల్. సంగతి వేరు. దానిని వేర్వేరు దారులలో తగ్గించినా, పుట్టుకతో తక్కువ ఉన్నా, గుండె జబ్బు తగ్గుతోంది. కాబట్టి కొత్త మందు వార్త చదివినప్పుడు మొదట వెదకవలసింది ఇదే: గుండెపోట్లు, మరణాలు తగ్గాయని చూపారా, లేక రక్త పరీక్ష అంకెను మాత్రమే చూపారా?

4. రెండవ ప్రశ్న: ఎంతమందికి అవసరం, వారిలో ఎంతమందికి అందుతుంది?

ఇక్కడ ఒక చిన్న లెక్క చేద్దాం. ఇందులోని జనాభా, ధర, వంతులు అభ్యాసం కోసం మనం అనుకున్నవే.

కోటి జనాభా గల ఒక ప్రాంతంలో 300 మందిలో ఒకరికి ఒక జబ్బు ఉందనుకోండి. రోగులు 33,333 మంది. మందు ఖరీదు ఏడాదికి 50,000 రూపాయలు అనుకుంటే, విపణి విలువ దాదాపు 167 కోట్లని ఎవరైనా చెప్పవచ్చు. అయితే జబ్బు ఉన్నట్లు తెలిసిన వారు పదో వంతే అయితే మిగిలేది 3,333 మంది. వారిలో సగం మందే కొనగలిగితే 1,667 మంది. అప్పుడు విపణి 8 కోట్ల 33 లక్షలే. అంటే మొదటి అంకెలో ఇరవయ్యో వంతు. వార్తలలో వచ్చే పెద్ద అంకెలలో చాలా వరకు మొదటి రకానివి.

దీనికి నిజమైన ఉదాహరణ గ్లైబెరా. ట్రైగ్లిజరైడ్లను విడగొట్టే ఎంజైము పుట్టుకతోనే లోపించిన అతి అరుదైన రోగుల కోసం తయారు చేసిన జన్యు చికిత్స ఇది. 2012లో ఐరోపాలో అనుమతి పొందింది. ధర దాదాపు పది లక్షల యూరోలు. పరీక్షలను మినహాయిస్తే, అమ్మకం ద్వారా దానిని పొందింది ఒక్క రోగి. 2017లో కంపెనీ అనుమతిని పొడిగించుకోకుండా వదులుకుంది. అయితే అరుదైన జబ్బులకు విపణే లేదని అనుకోరాదు. అదే తీవ్ర ట్రైగ్లిజరైడ్ జబ్బుకు ఒలెజార్సెన్ అనే ఇంజక్షన్ 2024 డిసెంబరులో అమెరికాలో అనుమతి పొందింది. ఇటువంటి మందులను ముందు కొద్దిమంది రోగుల కోసం తెచ్చి, తరువాత ఎక్కువ మందికి పనికివస్తాయా అని పరీక్షించడం ఇప్పుడు కంపెనీల పద్ధతిగా మారింది.

5. మూడవ ప్రశ్న: ఖర్చు ఎవరు భరిస్తారు?

2003లో కెనడా, ఫ్రాన్సు శాస్త్రవేత్తలు పి.సి.ఎస్.కె.9 అనే ప్రోటీనుకూ వంశపారంపర్య కొలెస్టరాల్ జబ్బుకూ గల సంబంధాన్ని బయటపెట్టారు. ఈ ప్రోటీను కాలేయం మీది గ్రాహకాలను నాశనం చేస్తుంది. డల్లాస్‌లో హెలెన్ హాబ్స్, జోనథన్ కోహెన్ 2006లో మరొకటి చూపారు. పుట్టుకతోనే ఈ ప్రోటీను సరిగా పనిచేయని నల్లజాతి వారిలో ఎల్.డి.ఎల్. 28 శాతం తక్కువ ఉండగా, గుండె జబ్బు ముప్పు 88 శాతం తక్కువగా ఉంది. అంటే ప్రకృతే పరీక్ష జరిపి ఫలితం చూపింది. ఆ ప్రోటీనును అడ్డుకునే ఇంజక్షన్లు అలిరోకుమాబ్, ఎవొలోకుమాబ్ 2015లో అమెరికాలో అనుమతి పొందాయి.

శాస్త్రం గట్టిది. ఎల్.డి.ఎల్. సగానికి పైగా తగ్గింది. అయినా మొదటి సంవత్సరాలలో అమ్మకాలు ఆశించినట్లు రాలేదు. కారణం ధర. ఏడాదికి దాదాపు 14,000 డాలర్లు. 2017లో 27,564 మందిపై వెలువడిన ఎవొలోకుమాబ్ పరీక్షను తీసుకోండి. సుమారు 2.2 సంవత్సరాలలో గుండె సంబంధ ఘటనలు 11.3 శాతం నుండి 9.8 శాతానికి తగ్గాయి. అంటే నూటికి 1.5. ఒక ఘటనను నివారించడానికి దాదాపు 67 మందికి మందు ఇవ్వాలి. 67 మందికి, 2.2 ఏళ్లకు, ఏడాదికి 14,000 డాలర్ల చొప్పున గుణిస్తే 20 లక్షల డాలర్లు దాటుతుంది. అక్కడి బీమా కంపెనీలు ఈ లెక్క వేసుకునే అడుగడుగునా అడ్డుపడ్డాయి. చివరకు 2018లో ఎవొలోకుమాబ్ ధరను దాదాపు 60 శాతం తగ్గించి 5,850 డాలర్లు చేశారు.

శాతాలు చదివేటప్పుడు ఒక జాగ్రత్త అవసరం. ఇదే ఫలితాన్ని '15 శాతం తగ్గింపు' అని కూడా వ్రాస్తారు. 11.3 నుండి 1.5 తగ్గితే అది 13 శాతమే కదా అని మీకు సందేహం రావచ్చు. పరిశోధకులు ఎంతమందికి జరిగింది అన్నదే కాక ఎప్పుడు జరిగింది అన్నది కూడా లెక్కలోకి తీసుకుంటారు. అందుకే ఆ స్వల్ప తేడా. రెండు పద్ధతులూ సరైనవే. కాని 'నూటికి ఎందరు' అన్నది తెలియకుండా వట్టి శాతం చూసి పొంగిపోకూడదు.

6. నాలుగవ ప్రశ్న: పేటెంటు ఎంతకాలం?

పేటెంటు గడువు దరఖాస్తు నాటి నుండి 20 సంవత్సరాలు. దానిలో సగం పరీక్షలకే పోతుంది. లిపిటార్ 1997లో అమ్మకానికి వచ్చింది. అమెరికాలో 2011 నవంబరు 30న దాని గుత్త హక్కు ముగిసి, మన దేశపు ర్యాన్‌బాక్సీ కంపెనీ తొలి జనరిక్‌కు అనుమతి పొందింది. పేటెంటును మొదట సవాలు చేసిన వారికి 180 రోజుల ప్రత్యేక అవకాశం ఇచ్చే చట్టం అమెరికాలో 1984 నుండి ఉంది. ఆ 180 రోజుల కోసం కంపెనీలు ఏళ్ల తరబడి కోర్టులలో పోరాడతాయి.

అంతకు ముందే, 2006 జూన్‌లో మెర్క్ వారి సిమ్వాస్టాటిన్ పేటెంటు ముగిసినప్పుడు, మెర్క్‌తోనే ఒప్పందం చేసుకుని దాని జనరిక్‌ను అమ్మింది హైదరాబాదులోని డాక్టర్ రెడ్డీస్. అదే కంపెనీ ఐకోసాపెంట్ ఇథైల్ అనే ట్రైగ్లిజరైడ్ మందు విషయంలో హిక్మా కంపెనీతో పాటు అమెరికా కోర్టులో పోరాడింది. 2018లో వెలువడిన పరీక్షలో ఈ మందు గుండె సంబంధ ఘటనలను 25 శాతం తగ్గించింది. అటువంటి మందుకు తిరుగు లేదని అందరూ అనుకున్నారు. కాని 2020 మార్చిలో నెవాడా కోర్టు పేటెంట్లు చెల్లవని తీర్పు చెప్పడంతో అమారిన్ కంపెనీ షేరు కుప్పకూలింది. మందు మంచిదే, ఫలితం మంచిదే. దెబ్బ తగిలింది పేటెంటు మీద.

జనరిక్ వ్యాపారంలో ఇంకొక పాఠం ఉంది. ర్యాన్‌బాక్సీ తన అటార్వాస్టాటిన్ మాత్రలలో గాజు రేణువులు ఉండవచ్చునన్న కారణంతో 2012 నవంబరులో కొన్ని బ్యాచీలను వెనక్కు పిలిపించింది. నాణ్యతకు, రికార్డులకు సంబంధించిన పాత నేరాలను దాని అమెరికా శాఖ 2013 మేలో కోర్టులో అంగీకరించగా, కంపెనీ 50 కోట్ల డాలర్లు చెల్లించవలసి వచ్చింది. తరువాత అది సన్ ఫార్మాలో కలిసిపోయింది. విపణి పోయేది పోటీ వలన మాత్రమే కాదు, విశ్వాసం పోయినా పోతుంది.

7. ప్రస్తుతం బరిలో ఉన్నవి

ఇప్పుడు ఈ నాలుగు ప్రశ్నలతో కొత్త మందులను చూడండి.

ఇన్‌క్లిసిరాన్: పి.సి.ఎస్.కె.9 తయారీకి వెళ్లే జన్యు సందేశాన్నే మాయం చేస్తుంది. మొదటి ఇంజక్షన్, మూడు నెలలకు మరొకటి, ఆ తరువాత ఆరు నెలలకొకటి. 2019లో నోవార్టిస్ దీనికోసం ఒక కంపెనీని 970 కోట్ల డాలర్లకు కొన్నది. ఐరోపాలో 2020లో, అమెరికాలో 2021లో అనుమతి లభించింది. రోజూ మాత్ర మరచిపోయే వారికి ఇది పెద్ద సౌకర్యం.

బెంపెడోయిక్ ఆమ్లం: స్టాటిన్ వలన కండరాల నొప్పులు వచ్చే వారికి ప్రత్యామ్నాయ మాత్ర. 2020లో అమెరికాలో అనుమతి పొందింది. 2023లో 13,970 మందిపై వెలువడిన పరీక్షలో గుండె సంబంధ ఘటనలు 13 శాతం తగ్గాయి.

ఎన్‌లిసిటైడ్: పి.సి.ఎస్.కె.9ను అడ్డుకునే మాత్ర. మెర్క్ 2025లో ప్రకటించిన మూడవ దశ పరీక్షలలో ఎల్.డి.ఎల్. సగానికి పైగా తగ్గింది. ఇంజక్షన్ పని మాత్రతో జరిగితే విపణి విస్తరిస్తుంది. కాని మన మొదటి ప్రశ్న మరువకండి. అవి అంకెను చూసిన పరీక్షలు. గుండెపోట్లను లెక్కించే పరీక్షను వేరుగా చేపట్టారు.

లిపోప్రోటీన్-ఎ మందులు: లిపోప్రోటీన్-ఎ స్థాయిని చాలా వరకు జన్యువులే నిర్ణయిస్తాయి. ఆహారంతో గాని, స్టాటిన్లతో గాని అది తగ్గదు. ప్రపంచ జనాభాలో దాదాపు అయిదో వంతు మందిలో ఇది ఎక్కువ. పెలాకార్సెన్, ఒల్పాసిరాన్ వంటి మందులు దీనిని బాగా తగ్గిస్తాయని ముందే తెలిసింది. పెలాకార్సెన్‌ను 8,000 మందికి పైగా రోగులలో పరీక్షకు పెట్టారు. రోగుల సంఖ్య చూస్తే ఇది చాలా పెద్ద విపణి. అయితే లిపోప్రోటీన్-ఎ అసలు కారణమా, అవ్వ కోడా అన్నది ఇటువంటి పరీక్షలే తేల్చాలి.

ఒబిసెట్రాపిబ్: టార్సెట్రాపిబ్ జాతిదే. ఈసారి హెచ్.డి.ఎల్. పెంచడం కోసం కాక, ఎల్.డి.ఎల్. తగ్గించే మాత్రగా దీనిని ముందుకు తెచ్చారు. ఓడిన జాతి నుండి కూడా, ప్రశ్న మార్చి అడిగితే, కొత్త ఆశ పుట్టవచ్చు.

జన్యు సవరణ: ఒక్కసారి ఇచ్చి, పి.సి.ఎస్.కె.9 జన్యువును శాశ్వతంగా ఆపివేయాలన్న ప్రయత్నం. ఇందులో ముందున్న వర్వ్ కంపెనీని కొంటున్నట్లు 2025 జూన్‌లో లిల్లీ ప్రకటించింది. రోజూ అమ్ముడయ్యే మాత్రకూ, జీవితంలో ఒక్కసారి ఇచ్చే చికిత్సకూ ధర ఎలా నిర్ణయించాలి? దీనికి తరగతిలో చర్చ పెట్టుకోండి.

వీటన్నిటికీ పోటీ ఎవరో తెలుసా? పేటెంటు తీరిపోయిన పాత స్టాటినే. మన దేశంలో దానిని సామాన్యులు కొనగలరు. కొత్త మందు ఏదైనా దానికి బదులుగా కాదు, ఎక్కువగా దానికి తోడుగానే వస్తుంది.

8. మన దేశం, మన వారు

గుంటూరు జిల్లా తాడేపల్లిలో పుట్టిన డాక్టర్ కల్లం అంజిరెడ్డి గారు బొంబాయిలోని యు.డి.సి.టి.లో చదివి, పూణేలోని నేషనల్ కెమికల్ లేబొరేటరీలో 1969లో పిహెచ్.డి. పొందారు. 1984లో డాక్టర్ రెడ్డీస్ స్థాపించారు. జనరిక్‌లతో ఆగక, సొంతంగా కొత్త అణువు కనుగొనాలన్నది వారి పట్టుదల. మధుమేహాన్నీ రక్తంలోని కొవ్వునూ రెంటినీ అదుపు చేయాలని వారి పరిశోధనా సంస్థ రూపొందించిన రాగాగ్లిటజార్‌ను డెన్మార్క్‌కు చెందిన నోవో నార్డిస్క్ తీసుకుని పరీక్షించింది. ప్రయోగ జంతువుల మూత్రాశయంలో కణుతులు కనిపించడంతో 2002లో దానిని ఆపివేశారు. ఆ దారిలోనే, 2013లో జైడస్ కాడిలా వారి సరోగ్లిటజార్ మన దేశంలో అనుమతి పొందింది. మధుమేహ రోగులలో కొవ్వు అస్తవ్యస్తతకు వాడే ఈ మందు, ఒక భారతీయ కంపెనీ సొంతంగా కనుగొని మార్కెట్ వరకు తెచ్చిన తొలి కొత్త అణువుగా పేరు పొందింది. పదకొండేళ్ల క్రితం ఓడిన ఆలోచన మరొక చోట ఫలించిందన్నమాట.

బెంగుళూరులోని మన పిల్లలు మరొక సంగతి తెలుసుకోవాలి. బూజును పెంచి లోవాస్టాటిన్ తయారు చేయడానికి బయోకాన్ సంస్థ 2001లో అమెరికా అనుమతి పొందింది. స్టాటిన్ల విషయంలో మన దేశం బలం తయారీలో ఉంది. 2005 జనవరి 1 నుండి మన దేశంలోనూ మందుల మీద ఉత్పత్తి పేటెంట్లు అమలులోకి వచ్చాయి. కనుక ఇకపై అనుకరణ ఒక్కటే చాలదు.

9. ఏ చదువు చదవాలి?

ఈ పాఠంలో ఎన్ని రకాల పనులు ఉన్నాయో గమనించండి. అణువును తయారు చేసేది కర్బన రసాయన శాస్త్రం. బూజును పెంచేది సూక్ష్మజీవ శాస్త్రం, బయోటెక్నాలజీ. జంతువులలో, మనుషులలో దాని పనితీరు చూసేది ఫార్మకాలజీ. 15,000 మంది పరీక్షలో ప్రమాదాన్ని సకాలంలో పసిగట్టేది సంఖ్యాశాస్త్రం. గాజు రేణువు మాత్రలోకి రాకుండా చూసేది నాణ్యతా విభాగం. పేటెంటు వాదించేది సైన్సు తెలిసిన న్యాయవాది. రోగికి మందు గురించి విడమరచి చెప్పేది ఫార్మసిస్టు.

బి.ఫార్మసీ తరువాత ఎం.ఫార్మసీ చదవదలచిన వారు జీప్యాట్ పరీక్షకు సిద్ధం కావాలి. హైదరాబాదులో నైపర్ సంస్థ, ముంబైలో నేటి ఐ.సి.టి.గా మారిన పాత యు.డి.సి.టి., మైసూరులోనూ ఊటీలోనూ జె.ఎస్.ఎస్. ఫార్మసీ కళాశాలలు, బరంపురంలో రోలాండ్ ఇన్‌స్టిట్యూట్ ఉన్నాయి. ఆసుపత్రిలో రోగులతో పని ఇష్టమైన వారికి 2008లో మొదలైన ఆరేళ్ల ఫార్మ్.డి. కోర్సు ఉంది. బి.ఎస్‌సి. గణితం చదివిన వారు ఎం.ఎస్‌సి. స్టాటిస్టిక్స్ చేసి ఈ రంగంలోకి రావచ్చు. సైన్సు లేదా ఇంజనీరింగు డిగ్రీ ఉన్నవారు పేటెంటు ఏజెంటు పరీక్ష వ్రాయవచ్చు. ఒక మందు వార్త చూసి కోర్సు ఎంచుకోకండి. ఆ మందు పోయినా ఈ నైపుణ్యాలు పోవు.

10. తల్లిదండ్రులకు ముఖ్య మనవి

వంశపారంపర్యంగా ఎల్.డి.ఎల్. బాగా ఎక్కువగా ఉండే జబ్బు సుమారు 250 నుండి 300 మందిలో ఒకరికి ఉంటుంది. తల్లికో తండ్రికో ఉంటే ప్రతి బిడ్డకూ సగానికి సగం అవకాశం. ఇద్దరికీ ఉంటే నలుగురిలో ఒక బిడ్డకు అతి తీవ్ర రూపంలో వచ్చే అవకాశం ఉంది. అటువంటి పిల్లలకు చిన్న వయసులోనే గుండెపోటు రావచ్చు. మన కుటుంబాలలో మేనరికాలు ఉన్నాయి కనుక ఈ సంగతి మరింత గుర్తుంచుకోవాలి. దగ్గరి బంధువులలో మగవారికి 55 ఏళ్ల లోపు, ఆడవారికి 60 ఏళ్ల లోపు గుండెపోటు వచ్చి ఉంటే, లేదా మోచేతుల వద్ద, మడమ నరాల వద్ద పసుపు పచ్చని గడ్డలు కనిపిస్తే, పిల్లలతో సహా అందరికీ రక్త పరీక్ష చేయించి వైద్యుని సంప్రదించండి. ఈ జబ్బులో విపణి చిన్నదిగా కనిపించడానికి అసలు కారణం రోగులు లేకపోవడం కాదు, వారిని గుర్తించకపోవడం. ఆ గుర్తింపు ఒక చిన్న రక్త పరీక్షతో మొదలవుతుంది.

ఇంకొక మాట. ఈ పాఠం చదివి ఎవరూ తమ మాత్ర మానవద్దు, మార్చవద్దు. కొత్త మందు వచ్చే వరకు ఆగుదామనుకునే లోపల ధమనులు ఆగవు.

అభ్యాసం

1. ఎజిటిమైబ్ అనే మందును 18,144 మందిపై పరీక్షించారు. ఏడేళ్లలో గుండె సంబంధ ఘటనలు 34.7 శాతం నుండి 32.7 శాతానికి తగ్గాయి. ఒక ఘటనను నివారించడానికి ఎంతమంది ఏడేళ్లు మందు వాడాలి? (సూచన: 100ను తేడాతో భాగించండి.)

2. రెండవ విభాగంలోని 1994 పరీక్ష అంకెలతో, ఒక మరణాన్ని నివారించడానికి ఎంతమందికి మందు ఇవ్వవలసి వచ్చిందో లెక్క వేయండి. మొదటి జవాబుతో పోల్చండి. ఒకచోట లెక్కించింది ఘటనలు, మరొకచోట మరణాలు అన్నది మరువకండి.

3. ఎవొలోకుమాబ్ ధర 5,850 డాలర్లయితే అయిదవ విభాగంలోని లెక్క ఎంతకు మారుతుంది?

4. ఈ నెలలో మీ దినపత్రికలో వచ్చిన ఏదైనా కొత్త మందు వార్తను కత్తిరించి, నాలుగు ప్రశ్నలకూ అందులో జవాబు ఉందో లేదో వ్రాయండి. జవాబు లేని ప్రశ్నలే ఎక్కువైతే ఆశ్చర్యపోకండి. అడగడం నేర్చుకున్న వారే రేపు జవాబు కనుగొనగలరు.